స్టాండప్, పాడ్‌కాస్ట్, నటన: ముందు ఏది పట్టుకోవాలి?

హైదరాబాద్‌లో కొత్త కమెడియన్లు జోకులు పరీక్షించుకునే ఏ ఓపెన్ మైక్ అయినా ముగిశాక బయట టీ దగ్గర కాసేపు నిలబడండి, ఈ ప్రశ్న వినిపిస్తుంది. అడిగేవాళ్లకు ఎక్కువగా పాతికేళ్లు అటూ ఇటూ ఉంటాయి. పగలు ఉద్యోగం, రాత్రి స్టేజీ. చేతిలో బాగానే పేలుతున్న అయిదు నిమిషాల సెట్, అంటే జోకుల వరస, ఒకటి ఉంటుంది. ఇలాగే ఓపెన్ మైక్‌లు చేసుకుంటూ పోవాలా, పాడ్‌కాస్ట్ మొదలుపెట్టాలా, లేక ఫొటోలు పట్టుకుని ఆడిషన్లకు తిరగాలా? ఇంట్లోవాళ్లు ఇచ్చిన గడువు ఏడాదో రెండేళ్లో కాబట్టి ఆ ప్రశ్న వెనక టెన్షన్ కూడా నిజమైనదే.

నా జవాబు ముందే చెప్పేస్తాను. ముందు స్టేజీ. అరగంట పాటు కొత్తవాళ్లను కూర్చోబెట్టగల సరుకు తయారయ్యాక పాడ్‌కాస్ట్. నటన కోసం తిరగడం కన్నా, అది వచ్చిన రోజున చేయగలిగేలా సిద్ధంగా ఉండటం మేలు. ఈ వరస అందరికీ సరిపోదు. ఎవరికి సరిపోదో కూడా రాస్తాను.

మూడింట్లోనూ నవ్వించడమే పని కాబట్టి మూడూ ఒకటే అనిపిస్తాయి. కానీ మీ రేపటి పని ఎవరి చేతిలో ఉంది అన్న దగ్గర మూడూ వేరు. స్టేజీ మీద అది ఎదురుగా కూర్చున్న యాభై మంది చేతిలో ఉంటుంది. పాడ్‌కాస్ట్‌లో మీ చేతిలో, మీ ఓపిక చేతిలో. నటనలో డైరెక్టరు, నిర్మాత, ఎడిటరు, చివరికి రిలీజు డేటు. ఎంత వస్తుంది అనే లెక్క కన్నా ముందు ఈ లెక్క వేసుకోవాలి.

మూడూ చేసినవాళ్లు ఏ వరసలో చేశారు

అమెరికాలో మూడింటినీ నిలబెట్టుకున్నవాళ్లలో బిల్ బర్ దారి సూటిగా ఉంటుంది. 1992లో బోస్టన్‌లో స్టేజీ ఎక్కాడు. 'మండే మార్నింగ్ పాడ్‌కాస్ట్' మొదలుపెట్టింది 2007లో, అంటే పదిహేనేళ్ల తర్వాత. 'బ్రేకింగ్ బ్యాడ్' సీరియల్‌లో చిన్న పాత్ర దొరికింది 2011లో. బ్రాడ్‌వే నాటకం 2025లో. ఈ మధ్యలో 2006 నాటి ఒక రాత్రి గురించి చెప్పుకోవాలి. ఫిలడెల్ఫియాను ఆనుకుని ఉన్న క్యామ్‌డెన్‌లో పెద్ద షో. జనం ఆ రోజు కమెడియన్లను బూ కొట్టి దించేస్తున్నారు. బర్ తను తెచ్చుకున్న సెట్ పక్కన పెట్టేసి, తనకిచ్చిన సుమారు పన్నెండు నిమిషాలూ ఆ జనాన్నీ వాళ్ల ఊరినీ ఏకిపారేశాడు. ఇంకా ఎన్ని నిమిషాలు మిగిలిందో మధ్యమధ్యలో లెక్క చెబుతూ మరీ తిట్టాడు. చివరికి ఆ జనమే లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. పద్నాలుగేళ్లు స్టేజీల మీద నలిగినవాడికి తప్ప అది సాధ్యం కాదు. ఆ తర్వాతి ఏడాది మొదలైన పాడ్‌కాస్ట్‌లో ఒక్కడే కూర్చుని, అతిథి లేకుండా, స్క్రిప్టు లేకుండా గంటసేపు మాట్లాడగలిగాడంటే దాని వెనక ఇలాంటి రాత్రులు చాలా ఉన్నాయి.

మార్క్ మారన్ కథ వేరు. ఆయనకూ స్టేజీ అనుభవం ఇరవై ఏళ్లు పైనే. పేరు మాత్రం రాలేదు. 2009 నాటికి రేడియో ఉద్యోగం పోయింది, సంసారం చెడింది, వయసు నలభై అయిదు. ఆ రేడియో స్టేషన్ స్టూడియోలోనే రాత్రిళ్లు దూరి మొదటి ఎపిసోడ్లు రికార్డు చేశాడు. తర్వాత లాస్ ఏంజెలెస్‌లో తన ఇంటి గ్యారేజీకి మారాడు. తోటి కమెడియన్లను పిలిచి గంటల కొద్దీ మాట్లాడించడం, పాత గొడవలుంటే అక్కడే తేల్చుకోవడం అతని పద్ధతి. 2015లో అదే గ్యారేజీకి అధ్యక్షుడి హోదాలో ఒబామా వచ్చి కూర్చున్నాడు. పాడ్‌కాస్ట్ విన్నవాళ్లే షోలకు టికెట్లు కొన్నారు. తన పేరుతోనే టీవీ సీరియల్ 2013లో వచ్చింది, 2017లో నెట్‌ఫ్లిక్స్ సీరియల్ 'గ్లో'లో ప్రధాన పాత్ర వచ్చింది. 2025 అక్టోబరులో ఒబామానే మళ్లీ అతిథిగా పిలిచి, ఆ పాడ్‌కాస్ట్‌ను తన ఇష్టంతోనే ముగించాడు.

మారన్‌ను చూసి చాలామంది పాడ్‌కాస్ట్ ఉంటే చాలనుకుంటారు. అది తప్పు లెక్క. అతనికి మాట్లాడటం పాడ్‌కాస్ట్ నేర్పలేదు. అప్పటికే వచ్చిన మాటకు వినేవాళ్లను తెచ్చిపెట్టింది, అంతే.

షేన్ గిల్లిస్ ఉదాహరణలో పాడ్‌కాస్ట్ రెండు వైపులా కోసింది. 2019 సెప్టెంబరులో అమెరికా టీవీ కామెడీ షో 'సాటర్‌డే నైట్ లైవ్' బృందంలోకి తీసుకుంటున్నట్టు ప్రకటించిన కొద్ది రోజులకే అతన్ని తీసేశారు. అంతకుముందు ఏడాది తన పాడ్‌కాస్ట్‌లో చైనీయుల గురించి వాడిన నీచమైన మాటలు బయటికి రావడమే కారణం. ఆ తర్వాత అతన్ని నిలబెట్టిందీ ఆ పాడ్‌కాస్ట్ శ్రోతలే. 2021లో తన స్పెషల్‌ను, అంటే రికార్డు చేసిన పూర్తి స్టాండప్ షోను, యూట్యూబ్‌లో ఉచితంగా పెట్టాడు. 2024 ఫిబ్రవరిలో తనను తీసేసిన కార్యక్రమానికే హోస్టుగా వెళ్లాడు. ఈ కథలో రెండో సగం చూసి ధైర్యపడటం కన్నా మొదటి సగం చూసి జాగ్రత్తపడటం మంచిది. అలా తిరిగి రాగలిగేవాళ్లు చాలా తక్కువ.

మనవాళ్లలో చూస్తే జానీ లీవర్. కనిగిరిలో పుట్టిన జనుముల జాన్ ప్రకాశరావు. ముంబైలో పెరిగి, వీధుల్లో సినిమా తారలను అనుకరిస్తూ పెన్నులు అమ్మి, హిందుస్థాన్ లీవర్ ఫ్యాక్టరీలో పని చేస్తూ అక్కడి అధికారులను అనుకరించి ఆ పేరు తెచ్చుకున్నాడు. కల్యాణ్‌జీ-ఆనంద్‌జీ స్టేజీ షోలు, కామెడీ క్యాసెట్లు, 1980ల్లో సినిమాలు. క్యాసెట్ అప్పట్లో చేసిన పని ఇప్పుడు పాడ్‌కాస్ట్ చేస్తోంది. స్టేజీ దగ్గరికి రాలేని మనిషి ఇంటికి గొంతును చేర్చడం రెండింటి పనీ.

స్టేజీ ఇచ్చేది ఇంకెక్కడా దొరకదు

ఓపెన్ మైక్ పద్ధతి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. పేరు ముందుగా నమోదు చేసుకుంటే నాలుగైదు నిమిషాల స్పాట్ ఇస్తారు. ఇంకో నిమిషం ఉందనగా వెనక నుంచి ఫోను లైటు చూపిస్తారు. లైటు చూశాక కూడా సాగదీసేవాళ్లకు హోస్టులు మళ్లీ స్పాట్ ఇవ్వరు. కేఫ్‌లలో, బార్లలో, లామకాన్ లాంటి సాంస్కృతిక కేంద్రాల్లో ఇవి జరుగుతుంటాయి. డబ్బు రాదు. పెట్రోలు ఖర్చు మీదే. వచ్చినవాళ్లలో సగం మంది తమ వంతు కోసం ఎదురుచూసే కమెడియన్లే కాబట్టి నవ్వు కూడా పిసినారిగా వస్తుంది.

అయినా ఎందుకు వెళ్లాలంటే, జోకు తయారయ్యేది అక్కడే. ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక కుర్రాడు మొదటి వారం ఇలా చెబుతాడు: "మొన్న మా కజిన్ పెళ్లికి భీమవరం వెళ్లాను. ట్రైన్‌లో వెళ్లాను, ఫుల్లు రష్షు, పైగా వర్షం. అక్కడ మా పెదనాన్న కనబడి నువ్వేం చేస్తున్నావురా అని అడిగారు. నేను కామెడీ చేస్తున్నాను పెదనాన్నా అన్నాను. అది చిన్నప్పట్నుంచీ చూస్తూనే ఉన్నాంగా, పనేం చేస్తున్నావు అని ఆయన నన్ను అందరి ముందూ అడిగారు."

నవ్వు వస్తుంది కానీ చప్పగా వస్తుంది. రెండో వారం ట్రైనూ వర్షమూ పోతాయి. వాటికి జోకుతో సంబంధం లేదు. భీమవరం ఉంటుంది, ఎందుకంటే ఆ ఊరి పేరు వినగానే పెళ్లి భోజనం కళ్ల ముందుకొస్తుంది, హాలు కాస్త దగ్గరవుతుంది. మూడో వారానికి అసలు చిక్కు తెలుస్తుంది. తెలుగులో 'అన్నాడు', 'అడిగారు' వాక్యం చివర వస్తాయి. పంచ్ అయిపోయాక కూడా నోరు ఆగదు. జనం నవ్వబోతుండగా "అని ఆయన నన్ను అందరి ముందూ అడిగారు" అనే తోక నవ్వును తొక్కేస్తుంది. కాబట్టి పెదనాన్న మాటను చెప్పకూడదు, పెదనాన్నే అయిపోవాలి. కండువా సర్దుకున్నట్టు భుజం మీద చెయ్యేసి, ఆయన గొంతుతో "అది చిన్నప్పట్నుంచీ చూస్తూనే ఉన్నాంగా. పనేం చేస్తున్నావ్?" అని అక్కడ ఆగిపోవాలి. ఇంకొక్క అక్షరం వద్దు.

ఇది ఏ వీడియో చూసినా పూర్తిగా వంటబట్టదు. ఇంగ్లిష్ స్పెషల్స్ చూసి నేర్చుకున్నవాళ్లకు ఇంకా ఆలస్యంగా తెలుస్తుంది, ఎందుకంటే ఇంగ్లిష్‌లో 'అన్నాడు' ముందే వచ్చేస్తుంది. నాలుగు హాళ్లలో నవ్వు చచ్చిపోవడం విన్నాకే తెలుస్తుంది. ఇంకో లాభం కూడా ఉంది. పెదనాన్నగా మారిన ఆ మూడు సెకన్లే నటనకు మొదటి పాఠం.

స్టేజీ లోపం ఏమిటంటే, అది నెమ్మది. ఒక్కరే చేసే గంట నిడివి సోలో షో తయారు కావడానికి ఏళ్లు పడుతుంది. మీరు ఎంత బాగా చేసినా ఆ హాల్లో ఉన్నవాళ్లకే తెలుస్తుంది. ఒక రాత్రి సెట్ పడకపోతే ఇంటికెళ్లేదాకా ఆ మౌనం చెవుల్లోనే ఉంటుంది. వారానికి రెండు మూడు రాత్రులు అలా తిరుగుతూ పగలు ఉద్యోగం చేయడం ఆరోగ్యానికి మంచిది కాదు, ఈ సంగతి దాచి సలహా ఇవ్వకూడదు.

పాడ్‌కాస్ట్: సొంత ఇల్లు, సొంత బాధ్యత

పాడ్‌కాస్ట్‌కు ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇది దాని గొప్ప గుణం, దాని జబ్బు కూడా అదే. మూడు ఎపిసోడ్ల తర్వాత ఆగిపోయినా అడిగేవాళ్లు ఉండరు. మారన్ వారానికి రెండు చొప్పున పదహారేళ్లు చేశాడు. మొదటి ఏడాదిలో మీరు చూసుకోవలసింది వ్యూస్ కాదు, చెప్పిన రోజున ఎపిసోడ్ వచ్చిందా లేదా అన్నదే.

రూపాల్లో మూడు రకాలున్నాయి. అతిథిని పిలిచి మాట్లాడించేది, ఇద్దరు స్నేహితులు కబుర్లాడేది, ఒక్కరే మాట్లాడేది. కొత్తవాళ్లు దాదాపు అందరూ మొదటిదాని మీద పడతారు. నా ఉద్దేశంలో అది కొత్త కమెడియన్‌కు నష్టం. జనం అతిథి కోసం వస్తారు, అతిథితోనే పోతారు. పైగా తెలుగులో దీర్ఘ ఇంటర్వ్యూకు ఇప్పటికే గట్టి కొలమానం ఉంది. పాడ్‌కాస్ట్ అనే మాట మన దగ్గర ఇంత వాడుకలోకి రాకముందే జర్నలిస్టు టీఎన్‌ఆర్ గంటల తరబడి ఇంటర్వ్యూలు చేసి చూపించారు. అవతలి మనిషి ఏడ్చినా, తడబడినా తొందరపెట్టకుండా కూర్చునేవారు. ఆయన సినిమాల్లో కూడా నటించారు. 2021లో కరోనా ఆయన్ని తీసుకుపోయింది. ఆ ఓపిక, ఆ తయారీ ఉంటే ఇంటర్వ్యూలు చేయండి. లేకపోతే వద్దు.

ఒక్కరే మాట్లాడేది తెలుగులో నడవదనే వాదన కూడా నిలబడదు. 2020లో సినిమా దర్శకుడు పూరి జగన్నాథ్ 'పూరి మ్యూజింగ్స్' పేరుతో ఒక్క గొంతుతో, చిన్న చిన్న ఎపిసోడ్లతో మొదలుపెడితే విన్నవాళ్లు బోలెడు మంది. అయితే అప్పటికే ఆయన పేరు ఊరూరా తెలుసు. కొత్తవాళ్లకు నేను చెప్పేది రెండో రకం. మీతో పాటు ఓపెన్ మైక్‌లు చేసే ఒక స్నేహితుణ్నో స్నేహితురాలినో పట్టుకోండి. ఇద్దరిలో ఒకరు అతిగా మాట్లాడేవాళ్లు, ఒకరు ఆగి అడిగేవాళ్లు అయితే చాలు. ఇద్దరూ ఒకేలాంటివాళ్లయితే వినేవాళ్లకు ఎవరి గొంతు ఎవరిదో కూడా తేలదు.

సామాను విషయంలో ఎక్కువ ఆలోచించకండి. కెమెరా ఫోను చాలు. డబ్బు పెట్టేది మైకుల మీద పెట్టండి. మన అపార్ట్‌మెంట్లలో ఫ్యాను, వీధిలో హారన్లు, పక్కింటి మిక్సీ ఉంటాయి కాబట్టి కండెన్సర్ మైకు కన్నా డైనమిక్ మైకు నయం, దగ్గరి గొంతునే పట్టుకుంటుంది. ఇద్దరికీ విడివిడి మైకు, విడివిడి ట్రాక్. ఫ్యాను ఆపి, పరుపూ దుప్పట్లూ ఉన్న గదిలో రికార్డు చేస్తే గొంతు మారుమోగదు. బొమ్మ బాగాలేకపోయినా జనం భరిస్తారు, శబ్దం బాగాలేకపోతే ఒక్క నిమిషం ఉండరు.

పాడ్‌కాస్ట్‌కూ స్టేజీకీ మధ్య ఒక గొడవ ఉంది. స్టేజీ మీద ఒక జోకు నెలల తరబడి బతుకుతుంది. పాడ్‌కాస్ట్‌లో చెప్పిన రోజే దాని పని అయిపోతుంది. అందుకే సెట్‌లో ఉన్న జోకులను పాడ్‌కాస్ట్‌లో వాడకండి. అటు నుంచి ఇటు రానివ్వండి: కబుర్లలో అనుకోకుండా నవ్వు తెచ్చిన మాటను రాసుకుని, ఓపెన్ మైక్‌లో పరీక్షించండి. రీల్స్ విషయంలోనూ ఇంతే. చాలామంది కమెడియన్లు ప్రేక్షకులతో అప్పటికప్పుడు మాట్లాడే క్రౌడ్ వర్క్ ముక్కలనే ఎక్కువగా పెడతారు. రాసుకున్న సరుకు కరిగిపోకుండా ఉంటుందని.

గిల్లిస్ సంగతి ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి. గంటసేపు స్నేహితుడితో మాట్లాడుతుంటే మైకు ఉన్న సంగతి మర్చిపోతాం. ఆ గంటలో నుంచి ముప్పై సెకన్లు ఎవరైనా కత్తిరించి పెట్టగలరు. కులం మీద, మతం మీద, ఒక ప్రాంతం యాస మీద, పేరుపెట్టి ఒక మనిషి మీద అన్న మాట తర్వాత అయిదేళ్లకైనా బయటికొస్తుంది. ప్రతి ఎపిసోడ్‌నూ విడుదలకు ముందు ఆ గదిలో లేని మూడో మనిషి ఒకరు వినాలి. తీసేయమన్న ముక్కను వాదించకుండా తీసేయాలి.

నటన: వెలుగు ఎక్కువ, పగ్గాలు తక్కువ

తెలుగునాట నవ్వించేవాడు గుర్తింపు పొందే దారి ఇప్పటికీ తెరే. అత్తిలిలో తెలుగు లెక్చరరుగా ఉన్న బ్రహ్మానందం సినిమాల్లోకి వచ్చాక ఏమయ్యారో చెప్పనక్కర్లేదు. 2013లో ఈటీవీలో మొదలైన 'జబర్దస్త్' ఇంకో దారి వేసింది. సుడిగాలి సుధీర్, గెటప్ శ్రీను, హైపర్ ఆది, షకలక శంకర్ అందరూ ఆ స్కిట్ల మీదుగానే ఇంటింటికీ తెలిశారు. అక్కడ చేసిన వేణు యెల్దండి 2023లో 'బలగం' తీసి దర్శకుడిగా నిలబడ్డారు. యూట్యూబ్ వీడియోలతో 'వైవా' హర్షగా తెలిసిన హర్ష చెముడు సినిమాల్లోకి వెళ్లి, 2024లో 'సుందరం మాస్టర్' ప్రధాన పాత్ర దాకా వచ్చారు.

కరీంనగర్ బస్టాండులో మిమ్మల్ని గుర్తుపట్టి సెల్ఫీ అడగాలంటే స్టాండప్ కన్నా టీవీ స్కిట్ తొందరగా ఆ పని చేస్తుంది. దాన్ని తక్కువ చేసి మాట్లాడే స్టాండప్ కుర్రాళ్ల మీద నాకు కోపం. వారం వారం కొత్త స్కిట్ రాయడం, టీమ్‌తో రిహార్సల్ చేయడం చిన్న శిక్షణ కాదు. అయితే రెండూ వేర్వేరు విద్యలు. స్కిట్‌లో వేషం, టీము, ఎదుటివాడి డైలాగు ఉంటాయి. స్టాండప్‌లో ఉన్నది మీరే, మీ ఆలోచనే. స్కిట్ నుంచి వచ్చిన పేరు ఎక్కువ కాలం ఆ ప్రోగ్రామ్ పేరుతో కలిసే ఉంటుంది.

స్టాండప్ నుంచి షూటింగ్ సెట్ మీదికి వెళ్లినవాళ్లకు మొదటి దెబ్బ మౌనం. షాట్‌లో ఎవరూ నవ్వరు, నవ్వితే టేక్ పోతుంది. పొద్దున ఆరింటికి రమ్మంటారు, మీ షాట్ సాయంత్రం పడుతుంది. ఒకే వాక్యాన్ని అదే గొంతుతో, గ్లాసు అదే చేత్తో పట్టుకుని పదిసార్లు చెప్పాలి. నెలల తర్వాత డబ్బింగ్ థియేటర్లో పెదాలకు సరిపోయేలా మళ్లీ చెప్పాలి. తెర మీదికి వచ్చేసరికి మీ సీన్ ఉంటుందో ఎడిటింగ్‌లో పోతుందో తెలియదు. నాకు తెలిసిన ఒకతను వారం రోజుల కాల్షీట్ కోసం రెండు నెలల షోలు వదులుకున్నాడు. షూటింగ్ వాయిదా మీద వాయిదా పడి చివరికి ఆ పాత్రే ఎగిరిపోయింది. చేతిలో స్టేజీ ఉండబట్టి తట్టుకున్నాడు. నటన ఒక్కటే నమ్ముకుని కృష్ణానగర్‌లో గది తీసుకుని ఉంటే అదే వాయిదా మనిషిని కుంగదీసేది.

బర్, మారన్ ఇద్దరి దగ్గరా ఒక తెలివి కనిపిస్తుంది. తెర మీద మొదట్లో తమ స్టేజీ గొంతుకు దగ్గరగా ఉన్న పాత్రలే చేశారు. మారన్ 'గ్లో'లో చేసింది విసుగు ముఖం, లోపల మెత్తని మనసు ఉన్న దర్శకుడి పాత్ర. పాడ్‌కాస్ట్ విన్నవాళ్లకు ఆ మనిషి ముందే తెలుసు. మీరు స్టేజీ మీద ఎవరో తేలకముందే ఆడిషన్‌కు వెళితే హీరో పక్కన నిలబడే నలుగురు స్నేహితుల్లో ఒకరవుతారు. తేలాక వెళితే మిమ్మల్ని చూసి పాత్ర రాయడానికి అవకాశం ఉంది.

డబ్బు మాట

ఓపెన్ మైక్‌కు ఏమీ రాదు. నలుగురైదుగురు కమెడియన్లు కలిసి చేసే లైనప్ షోలకు కొద్దిగా, టికెట్ సోలోకు హాలును బట్టి. బాగా వచ్చేది కార్పొరేట్ షోల్లో, కానీ అక్కడ బూతు కుదరదు, రాజకీయం కుదరదు. కాబట్టి మొదటినుంచీ ఒక పావుగంట శుభ్రమైన సెట్ విడిగా కట్టుకోండి. పాడ్‌కాస్ట్ మీద యూట్యూబ్ ప్రకటనల ఆదాయం రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి, లేదా 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వ్యూస్. అది దాటినా మొదట్లో వచ్చేది కరెంటు బిల్లుకు సరిపోతే గొప్ప. నటనలో మొత్తం పెద్దగా కనిపిస్తుంది, చేతికి ఆలస్యంగా వస్తుంది. ప్రొఫెషనల్ ఫీజుగా ఇచ్చేటప్పుడు సాధారణంగా 10 శాతం పన్ను (టీడీఎస్) ముందే కోస్తారు, రిటర్ను వేసి సర్దుకోవాలి. సర్వీసుల మీద ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు తప్పదు. ఉద్యోగం మానేసే ముందు ఏడాది ఇంటి ఖర్చు బ్యాంకులో ఉండాలి. ఆరు నెలలు చాలంటారు కొందరు, షూటింగ్ డబ్బులు ఎంత ఆలస్యమవుతాయో చూసినవాళ్లు అలా అనరు.

ఏ భాషలో

హైదరాబాద్‌లో ఇంగ్లిష్, హిందీ సెట్లకు స్పాట్లు తేలిగ్గా దొరుకుతాయి. అందుకని చాలామంది ఇంట్లో తెలుగులో పోట్లాడుకుంటూ స్టేజీ మీద ఇంగ్లిష్‌లో మాట్లాడతారు. జోకు మీకు ఏ భాషలో తట్టిందో ఆ భాషలోనే చెప్పండి. ఇండోర్ నుంచి వచ్చిన జాకిర్ ఖాన్ 2025 ఆగస్టులో న్యూయార్క్ మ్యాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో పూర్తిగా హిందీలో షో చేశాడు. సాఫ్ట్‌వేర్ వదిలి వచ్చిన అలెగ్జాండర్ బాబు తమిళంలో పాటలూ జోకులూ కలిపి చేసిన షో 2019లో అమెజాన్ ప్రైమ్‌లోకి వచ్చింది. డాలస్, న్యూజెర్సీ, బే ఏరియాల్లో ఉన్న మనవాళ్లు ఆగస్టు పదిహేనుకూ ఉగాదికీ హాళ్లు నింపుతారు. వాళ్లకు కావలసింది ఇంటి భాష. యాస కూడా మీదే ఉండనివ్వండి. నల్లగొండ మనిషి గోదావరి యాస పెడితే రెండో వాక్యానికే దొరికిపోతాడు.

ఈ వరస ఎవరికి సరిపోదు

అనుకరణ సహజంగా వచ్చినవాళ్లకు స్టాండప్ ఇరుకు కావచ్చు. వరంగల్ నేరెళ్ల వేణుమాధవ్ మిమిక్రీని ఒక కళగా గౌరవానికి తెచ్చిన నేల ఇది. గొంతులు, నడకలు పట్టుకునే చూపు ఉంటే స్కిట్లు, నటన ముందు పెట్టుకోండి. బాగా రాయగలిగి స్టేజీ ఎక్కితే వణికేవాళ్లు స్కిట్లకు, వెబ్ సిరీస్‌లకు రాయడం నుంచి మొదలుపెట్టవచ్చు, రచన కూడా ఈ రంగంలో పూర్తి ఉద్యోగమే. నలభై దాటినవాళ్లు పాడ్‌కాస్ట్‌ను ముందుకు తెచ్చుకోవచ్చు. రాత్రి పదకొండింటికి ఓపెన్ మైక్‌లు తిరిగే ఒంటి బలం తగ్గినా, చెప్పడానికి బతుకు ఉంటుంది.

అమ్మాయిల విషయంలో ఒకటి నేరుగా చెప్పాలి. స్టేజీ ముందు అనడం తేలిక. షో అయ్యాక ఇల్లు చేరడం ఎలా అన్నది ఆ సలహాలో భాగం కాకపోతే అది సగం సలహా. లైనప్‌లో ఇంకో అమ్మాయి ఉందా, మీ స్పాట్ ముందు పెట్టగలరా అని హోస్టును అడగండి. అడగడం తప్పు కాదు, మంచి హోస్టులు సర్దుతారు, సర్దనివాళ్ల దగ్గరికి వెళ్లకండి. వీడియో పెట్టినప్పుడు కామెంట్లు చూసే పని మీరు చేయకండి. నమ్మకమైనవాళ్లకు ఫోను ఇచ్చి చెత్త తీసేయించండి.

ఇక చివరిది, నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది. తెనాలిలోనో నిర్మల్‌లోనో కదిరిలోనో ఉంటే చుట్టుపక్కల ఓపెన్ మైక్ దొరకడం కష్టం. అప్పుడు వరస తిరగబడుతుంది. పాడ్‌కాస్ట్ కానీ, చిన్న వీడియోలు కానీ ముందు. కానీ ఎదుట మనుషులు లేకుండా మాట్లాడుతూ పోతే నవ్వు ఎక్కడ వస్తుందో, ఎక్కడ ఆగాలో చెవికి తెలియదు. అందుకే ఒక ఓపెన్ మైక్ మీరే పెట్టండి. నెలకోసారి, ఒక ఆదివారం సాయంత్రం. ట్యూషన్ సెంటరు హాలు, గ్రంథాలయం మేడ, టిఫిన్ సెంటరు మూసేసిన రెండు గంటల సమయం, ఏదైనా చాలు. ఒక స్పీకరు, ఒక మైకు, ఇరవై కుర్చీలు. పది మంది పేర్లు ఇస్తే ఆరుగురు వస్తారు, అందులో ఇద్దరు కవితలు చదువుతారు, చదవనివ్వండి. తలా అయిదు నిమిషాలు, నాలుగో నిమిషానికి ఫోను లైటు. రెండో నెల కూడా అదే ఆదివారం, అదే చోట పెట్టండి.